సూది వదల్లేకపోతున్నప్పుడు: సిరంజి, నరం, చికిత్సల్లో ఏది మేలు?

మత్తు ఇంజెక్షన్లకు అలవాటుపడ్డ మనిషి ఇంట్లో ఉంటే అందరూ అడిగేది ఒకటే: ఎక్కడ చేర్పిస్తే మానేస్తాడు? దానికి జవాబు కింద ఉంది కానీ సగం దాటాక వస్తుంది. చేర్పించే రోజు దాకా, చేరి తిరిగొచ్చాక కూడా ఆ మనిషి రోజూ ఏవో ఎంచుకుంటూనే ఉంటాడు. ఏ సిరంజి, ఏ నీళ్ళు, ఏ చెయ్యి, పక్కన ఎవరు. ప్రాణం నిలిచేదీ పోయేదీ చాలాసార్లు అక్కడే. వాటి గురించి మాత్రం ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే ఒప్పుకున్నట్టవుతుందని భయం.

వేసుకుంటున్నవాళ్ళ కోసం, వాళ్ళ ఇంటివాళ్ళ కోసం రాస్తున్నాను. మానెయ్యమని చెప్పేవాళ్ళు ఎటూ చాలామంది ఉన్నారు కాబట్టి ఆ పని నేను పెట్టుకోలేదు. 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మత్తుమందు సూదితో వేసుకునేవాళ్ళు దాదాపు 8.5 లక్షల మంది. వీళ్ళ సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో పంజాబ్, ఢిల్లీ, మణిపూర్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పేర్లూ ఉన్నాయి. ఇది ఈశాన్యం వాళ్ళ గొడవ, పంజాబ్ వాళ్ళ గొడవ అని పక్కకు తప్పుకునే వీలు లేదు.

దేన్ని దేనితో పోల్చినా నేను మూడు చూస్తాను, ఈ వరుసలోనే: ఊపిరి, రక్తం, నరం. ఊపిరి ఆగితే నిమిషాల్లో మనిషి పోతాడు. రక్తంలోకి హెచ్ఐవీ, హెపటైటిస్ సి చేరితే ఆ దెబ్బ ఏళ్ళ మీద తెలుస్తుంది. నరం, చర్మం చెడటం వారాల్లోనే కనిపిస్తుంది. అందుకే వేసుకునేవాళ్ళకు ఎక్కువ దిగులు నరం గురించే ఉంటుంది. వాళ్ళతో మాట కలపాలన్నా నరం దగ్గరే మొదలుపెట్టాలి. "హెచ్ఐవీ వస్తుంది" అంటే తల తిప్పుకునే కుర్రాడు, "ఆ చెయ్యి ఇలా చూపించు" అంటే చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు.

ముందు, వేసుకుంటున్నది ఏది?

ఇది తెలియకుండా ఏ సలహా తీసుకున్నా దండగ. మన దగ్గర కనిపించేవి స్థూలంగా మూడు రకాలు.

మొదటిది హెరాయిన్, బ్రౌన్ షుగర్. రెండోది మెడికల్ షాపు సరుకు: ఫోర్ట్‌విన్ అని అందరికీ తెలిసిన పెంటజోసిన్, ట్రమడాల్, బుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్లు. ఈ రెండు రకాలూ నల్లమందు కుటుంబానివే, వైద్యులు ఓపియాయిడ్లు అంటారు. కింద చెప్పబోయే ప్రత్యామ్నాయ మందుల చికిత్స వీటికి పనిచేస్తుంది.

మూడోది జిమ్ముల చుట్టూ తిరుగుతున్న మెఫెంటర్మిన్, వాడుకలో టెర్మిన్. ఆపరేషన్ టేబుల్ మీద, వెన్నులో మత్తు ఇచ్చాక బీపీ పడిపోతే ఎత్తడానికి వాడే మందు అది. కసరత్తుకు ఊపు వస్తుందని కుర్రాళ్ళు నరంలోకి ఎక్కించుకుంటున్నారు. ఇది ఓపియాయిడ్ కాదు, కాబట్టి ప్రత్యామ్నాయ చికిత్సలో ఇచ్చే బుప్రెనార్ఫిన్, మెథడోన్ దీనికి పనికిరావు. ఓవర్‌డోస్‌కి, ఓపియాయిడ్ మత్తును దింపే నాలోక్సోన్ కూడా పనిచేయదు. దీని దెబ్బ గుండె మీద, బీపీ మీద. తలనొప్పి, గుండె దడ, ఛాతీ నొప్పి వస్తే నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళాలి. తర్వాత సైకియాట్రిస్టు దగ్గర కౌన్సెలింగ్, నిద్రకూ దిగులుకూ మందులు. దీనికి ప్రత్యామ్నాయ మందు అంటూ ఏమీ లేదు. జిమ్ కోచ్ ఇచ్చాడు కాబట్టి ఇది డ్రగ్ కాదనుకునేవాళ్ళే ఎక్కువ. సూది వరకు వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకే నరం, ఒకే రక్తం.

పెంటజోసిన్ గురించి ఒక మాట. నరానికీ చర్మానికీ అది చేసే హాని మిగతావాటి కన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేసుకున్న చోట కండ, చర్మం గట్టిపడిపోయి సూది దిగనంత అవుతాయి. తర్వాత పుండ్లు పడతాయి, ఆ పుండ్లు నెలల తరబడి మానవు. వాడుతున్నది ఇదే అయితే సిరంజి రకం మార్చడం, చోటు మార్చడం వల్ల ఈ పుండ్ల విషయంలో ఒరిగేది తక్కువ. చికిత్సకు తొందరపడాల్సినవాళ్ళలో వీళ్ళు ముందుంటారు.

సూదా, వేరే దారా?

కొన్నాళ్ళు సూది లేకుండా గడపగలరా అన్నది మొదటి పోలిక. ఇది మానేయడం కాదు, దారి మార్చడం. బ్రౌన్ షుగర్‌ని రేకు మీద కాల్చి పొగ పీల్చేవాళ్ళకు ఊపిరితిత్తులు చెడతాయి, అలవాటు అలాగే ఉంటుంది, ఓవర్‌డోస్ ప్రమాదం తగ్గుతుందే తప్ప పోదు. కానీ ఒకరి రక్తం ఇంకొకరిలోకి వెళ్ళే దారి మూసుకుంటుంది, నరాలకు తెరిపి దొరుకుతుంది. చేతులు వాచి, నరం దొరక్క గజ్జల వైపు చూస్తున్న మనిషికి ఇది చిన్న మార్పేమీ కాదు.

అన్నిటికన్నా చెడ్డది మాత్రలు నూరి, క్యాప్సూల్ విప్పి నరంలోకి ఎక్కించడం. మాత్రలో మందు కొంచెమే, మిగతాదంతా టాల్కు, పిండి, మైనం లాంటివి. అవి నీళ్ళలో కరగవు. నరంలోకి వెళ్ళి కొంత అక్కడే అడ్డుపడతాయి, కొంత ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. మణిపూర్, నాగాలాండ్‌లలో స్పాస్మోప్రాక్సివాన్ క్యాప్సూల్ పొడి వేసుకుని చీము గడ్డలతో చేతులు, కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి అక్కడి ఆరోగ్య కార్యకర్తలందరికీ తెలుసు. దూదితో వడగట్టినా సన్నని రజను ఆగదు. మాత్రను మాత్రలాగే మింగినవాడికి కనీసం ఈ బాధ లేదు.

సిరంజి: ఏది, ఎక్కడిది?

మన దగ్గర చేతికొచ్చేవి రెండు. ఒకటి ఇన్సులిన్ సిరంజి, ఒక మిల్లీలీటరుది, సూది దానికే అతుక్కుని వస్తుంది. రెండోది 2 లేదా 5 మిల్లీలీటర్ల మామూలు డిస్పోజబుల్, సూది విడిగా పెట్టుకునేది.

నా ఓటు ఇన్సులిన్ సిరంజికే. దీని సూది సన్నం, అందువల్ల నరానికి పడే కన్నం చిన్నది. సూది మీద రాసే గేజ్ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఇన్సులిన్ సూదులు 29 నుంచి 31 దాకా, మామూలు సిరంజితో వచ్చేవి 22 నుంచి 24 మధ్య ఉంటాయి. రెండో కారణం కంటికి కనిపించదు. మామూలు సిరంజిలో పిస్టన్ పూర్తిగా నొక్కేశాక కూడా సూది మొదట్లో కాస్త ఖాళీ మిగులుతుంది, అందులో రక్తం నిలిచిపోతుంది. అతుక్కుని ఉన్న సూదిలో ఆ ఖాళీ దాదాపు లేదు. ఎవరైనా పొరపాటున ఇంకొకరి సిరంజి వాడినా, వెళ్ళే రక్తం ఎన్నో రెట్లు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇలాంటి సిరంజిలనే అందించాలని సూచించింది ఇందుకే. హెపటైటిస్ సి వైరస్ సిరంజిలో మిగిలిన రక్తంలో 63 రోజుల దాకా బతికి ఉండగలదని ప్రయోగశాలలో తేలింది. రెండు నెలల కిందట గోడ సందులో దాచిపెట్టిన సిరంజి కూడా నమ్మదగ్గది కాదన్నమాట.

ఇన్సులిన్ సిరంజికి ఒక లోపం ఉంది. ఒక మిల్లీలీటరు కన్నా ఎక్కువ పట్టదు. 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్ (మందు వచ్చే గాజు బుడ్డి) వాడేవాళ్ళు దానితో రెండుసార్లు గుచ్చుకుంటారు, అంటే నరానికి రెండు కన్నాలు. అలాంటివాళ్ళు పెద్ద సిరంజే వాడతామంటే నేను వాదించను. పెద్ద బారెల్‌తోనే, ఖాళీ తక్కువ ఉండే రకాలు కొన్ని ప్రాజెక్టుల్లో ఇస్తారు. అడగండి. లేకపోతే సూది మాత్రం దొరికినవాటిలో సన్నదే తీసుకోండి.

కొత్తదా, పాతదా అన్నదానికి జవాబు తెలిసిందే అయినా మధ్యలో మెట్లున్నాయి. ప్రతిసారీ కొత్తది అన్నిటికన్నా మేలు. కొత్తది లేనప్పుడు తాను వాడిన తన సూది, దాని తర్వాతి మెట్టు. దానితో వేరేవాళ్ళ వైరస్ రాదు, కానీ ఒక్కసారి చర్మంలో దిగితేనే సూది మొన వంగి మొద్దుబారుతుంది. రెండోసారి అది గుచ్చుకోదు, చీలుస్తుంది. దానికి చర్మం మీది సూక్ష్మజీవులు తోడై చీము పడుతుంది. ఇంకొకరు వాడినది, బ్లీచింగ్‌తో కడిగినా సరే, ఆఖరి మెట్టు. బ్లీచ్ హెచ్ఐవీని తగ్గించవచ్చు, హెపటైటిస్ సి విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోవడానికి లేదు. ప్లాస్టిక్ సిరంజిని ఉడకబెట్టడం ఉత్త కాలక్షేపం.

నలుగురు కూర్చునే చోట సిరంజి పంచుకోకపోయినా, నీళ్ళ గ్లాసు, చెంచా, దూది పంచుకుంటారు. హెపటైటిస్ సి ఈ దారిన కూడా అంటుకుంటుంది, ఇక్కడేమో ఎవరికీ భయం ఉండదు. చెంచా ఎవరిది వారిదే. సిరంజి మీద గోటితో ఒక గీతో, నెయిల్ పాలిష్ చుక్కో పెట్టుకుంటే చీకట్లో కూడా మారిపోదు.

ఎక్కడ దొరుకుతాయి? మెడికల్ షాపులో దొరుకుతాయి కానీ చేతులు చూసి లేవనేవాళ్ళున్నారు, నలుగురి ముందు నిలదీసేవాళ్ళూ ఉన్నారు. రెండో దారి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో), రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు స్వచ్ఛంద సంస్థలతో నడిపించే టార్గెటెడ్ ఇంటర్వెన్షన్ ప్రాజెక్టులు. సూదితో వేసుకునేవాళ్ళ కోసమే ఉన్న ప్రాజెక్టయితే కొత్త సిరంజిలు ఊరికే ఇస్తుంది, వాడినవి వెనక్కి తీసుకుంటుంది, పుండ్లకు కట్టు కడుతుంది. పేరు, ఊరు నిరూపించమని అడగరు. మీ జిల్లాలో ఉందో లేదో 1097కి ఫోన్ చేస్తే చెబుతారు, ఆ కాల్‌కి డబ్బు పడదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఈ దారి ఉన్నంత సులువుగా చిన్న పట్టణాల్లో ఉండదు. అక్కడ మెడికల్ షాపు మీదే ఆధారపడాలి. ఇంట్లో అన్నో, వదినో వెళ్ళి షుగర్‌కని చెప్పి ఒక పెట్టె కొనివ్వడం తప్పని నేననను.

వాడినవాటిని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ సీసాలో వేసి ప్రాజెక్టుకో, ఆస్పత్రికో ఇవ్వాలి. చెత్తబుట్టలో వేస్తే మున్సిపాలిటీ కార్మికుల చేతుల్లో గుచ్చుకుంటాయి.

నరం ఎలా పోతుంది, ఎలా నిలుస్తుంది?

ఇలాంటి ప్రాజెక్టు నడిపే డ్రాప్ ఇన్ సెంటర్లో నర్సు బల్ల ముందు కూర్చున్నవాళ్ళు తరచూ అనే మాట: "సిస్టర్, ఈ నరం పోయింది, ఇంకోటి ఎక్కడుందో చూపించండి." ఆమె నరం చూపించదు, మోచేతి మడత మీద వేలు పెట్టి నొక్కుతుంది. మామూలుగా మెత్తగా తగిలి, నొక్కితే అణిగి, వదిలితే మళ్ళీ నిండాల్సిన నరం అక్కడ గట్టిగా, నులి పడినట్టు తగులుతుంది. పైన చిన్న చిన్న నల్లటి మచ్చలు ఒకే వరుసలో.

లోపల జరిగింది ఇది. సూది గుచ్చిన ప్రతిసారీ నరం లోపలి పొర చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకట్టి మానుతుంది. మానకముందే మళ్ళీ అక్కడే గుచ్చితే గడ్డ మీద గడ్డ పేరుకుని, పూడిక తీయని పంట కాలువలా నరం ఇరుకైపోతుంది. రక్తం పక్కన ఉన్న సన్న నరాల్లోకి మళ్ళుతుంది. అవి ఇంత ఒత్తిడికి తట్టుకోవు, ఉబ్బుతాయి, చిట్లుతాయి. మూసుకుపోయిన నరం మళ్ళీ తెరుచుకుంటుందా? కొన్ని తెరుచుకుంటాయి, చాలావి తెరుచుకోవు. అందుకని ఉన్నవాటిని కాపాడుకోవడమే దారి.

చోట్లలో పోలిక ఇలా ఉంటుంది. ముంజేతి నరాలు మిగతావాటికన్నా మేలు: పైకి కనిపిస్తాయి, పక్కన పెద్ద ధమనులు (గుండె నుంచి రక్తం తెచ్చే నాళాలు) తక్కువ, చెడినా తొందరగా తెలుస్తుంది. మోచేతి మడత అందరికీ ఇష్టం, అందుకే అందరికన్నా ముందు పోయేదీ అదే. పైగా అక్కడ ధమని, నాడి (స్పర్శను, కదలికను నడిపే నెర్వ్) దగ్గర్లోనే ఉంటాయి. చేతి వెనక నరాలు సన్నవి, తేలిగ్గా పగులుతాయి, నొప్పెక్కువ. పాదాల్లో రక్తం నెమ్మదిగా కదులుతుంది, చెప్పుల మురికి, చెమట తోడై పుండు పడితే మానడం కష్టం. షుగర్ ఉన్నవాళ్ళు పాదాల జోలికి వెళ్ళనే కూడదు. గజ్జలు, మెడ అసలు లెక్కలోకి తీసుకోవద్దు. గజ్జల్లో నరం పక్కనే పెద్ద ధమని, పెద్ద నాడి ఉంటాయి. కంటికి కనిపించకుండా గుచ్చాలి, గురి తప్పితే కాలు పోవచ్చు, రక్తం కారి ప్రాణం పోవచ్చు. "గజ్జల్లో ఒకే నరం చాలు, రోజూ వెతుక్కునే బాధ లేదు" అని అలవాటైనవాళ్ళు చెబుతారు. మూడు నాలుగేళ్ళు గడిచాక వాళ్ళ కాళ్ళు చూడండి, మోకాలి కింద వాపు, నల్లబడ్డ చర్మం, మానని పుండు. చేతుల్లో నరాలు అయిపోయి గజ్జలే మిగిలాయంటే, ఇంకో నరం వెతకడం కాదు, ఆ వారమే ప్రత్యామ్నాయ మందు కోసం వెళ్ళాల్సిన సమయం వచ్చిందని అర్థం.

ఉన్న నరాలు ఎక్కువ కాలం నిలవాలంటే చేతులు మార్చడం, ముందు వాడిన చోటికి కనీసం కొన్ని రోజులు తెరిపి ఇవ్వడం అన్నిటికన్నా ముఖ్యం. చేతులు సబ్బుతో కడుక్కోవడం దాని తర్వాత. గుచ్చే ముందు స్పిరిట్ స్వాబ్‌తో ఒకే వైపుకి తుడిచి ఆరనివ్వాలి. గుచ్చాక మాత్రం స్పిరిట్ పెట్టకూడదు, అది రక్తం ఆగనివ్వదు. పొడి దూది పెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటే చర్మం కింద కమిలిన మచ్చ రాదు. సూది మొన నాకే అలవాటు కొందరికి ఉంటుంది. నోట్లో ఉన్న సూక్ష్మజీవులన్నీ నేరుగా రక్తంలోకి వెళతాయి.

నీళ్ళ విషయానికొస్తే, ఆంప్యూల్‌లో వచ్చే ఇంజెక్షన్ నీళ్ళు అన్నిటికన్నా మేలు. అవి లేకపోతే మరగకాచి మూతపెట్టి చల్లార్చినవి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, గుంట నీళ్ళు వద్దు. బ్రౌన్ షుగర్ కరగడానికి నిమ్మరసం పిండేవాళ్ళున్నారు. నిమ్మకాయలో ఉండే బూజు రక్తం దారిన కంట్లోకి చేరి చూపు పోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పులుపు ఏదైనా నరాన్ని కాలుస్తుంది.

వాచిన నరానికి చాలామంది థ్రోంబోఫోబ్ అనే పైపూత మందు రాస్తారు. చర్మం చెక్కు చెదరకుండా ఉండి, నరం వెంట నొప్పి, ఎరుపు మాత్రమే ఉంటే రాసుకోవచ్చు, గోరువెచ్చని కాపడంతో పాటు. చిట్లిన చర్మం మీద, పుండు మీద, చీము మీద రాయకూడదు. మూసుకుపోయిన నరాన్ని అది తెరుస్తుందని మాత్రం అనుకోవద్దు.

ఇంట్లో ఆగొచ్చా, ఆస్పత్రికి వెళ్ళాలా?

ఆస్పత్రిలో చీదరించుకుంటారని ఆగిపోయి చేయి పోగొట్టుకున్నవాళ్ళ కథలు ఈ రంగంలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. చీదరించుకునేవాళ్ళు ఉన్నారు, కాదనను. అయినా కొన్నిటికి ఆగడానికి లేదు.

గుచ్చిన వెంటనే విపరీతమైన మంట, వేళ్ళు తెల్లబడటం లేదా నీలం తిరగడం, చల్లబడటం: మందు ధమనిలోకి వెళ్ళింది. చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆ గంటలోనే పెద్దాస్పత్రికి. గజ్జల్లో గుండె కొట్టుకున్నట్టు కొట్టుకునే వాపు వస్తే దాన్ని ఎవరూ కోయకూడదు, ఆర్‌ఎంపీ దగ్గరికి అసలు వెళ్ళొద్దు. అది చీము గడ్డ కాదు, ఉబ్బిన ధమని కావచ్చు. కోస్తే రక్తం ఆగదు. ఒక కాలు మొత్తం వాచి బరువెక్కితే లోపలి నరంలో గడ్డ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు ఎగబాకితే ప్రాణాపాయం. జలుబు, దగ్గు ఏమీ లేకుండా రోజుల తరబడి చలిజ్వరం వస్తుంటే టైఫాయిడ్ అనుకుని మాత్రలు మింగుతారు. సూదితో వేసుకునేవాళ్ళలో అది గుండె కవాటాలకు పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు. డాక్టరుకు ఇంజెక్షన్ సంగతి చెప్పకపోతే ఆ దిశగా పరీక్ష చేయరు.

చీము గడ్డ విషయంలో కొంచెం వెసులుబాటు ఉంది. చిన్నది, జ్వరం లేదు, ఎరుపు పాకడం లేదు అంటే ఒకరోజు వేడి కాపడం పెట్టి చూడొచ్చు. పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీసుకోండి. మర్నాటికి గీత దాటితే, జ్వరం వస్తే, లేదా గడ్డ మెత్తబడి చీము కదులుతున్నట్టుంటే ఆస్పత్రిలో కోయించుకోవాలి. బ్లేడుతో మీరే కోసుకోవడం, సిరంజితో చీము లాగడం వద్దు. పుండున్నవాళ్ళు ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే మళ్ళీ వేయించుకోవాలి.

చికిత్సల్లో ఏది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఓపియాయిడ్లకు అలవాటుపడ్డవాళ్ళ ముందు నాలుగు దారులున్నాయి. నన్నడిగితే నాలుగూ సమానం కావు.

నాలుక కింద కరిగే బుప్రెనార్ఫిన్ మాత్ర మొదటిది. నాకో నడిపించే ఓఎస్‌టీ (ప్రత్యామ్నాయ మందు ఇచ్చే) సెంటర్లలో ఉచితం. రోజూ వెళ్ళి సిబ్బంది ముందే కరిగించుకోవాలి, అయిదు పది నిమిషాలు పడుతుంది. స్థిరపడ్డవాళ్ళకు కొన్ని చోట్ల ఇంటికీ ఇస్తారు. ఒళ్ళు నొప్పులు, ముక్కు కారడం, విరేచనాలు ఉండవు. తల తిరిగేంత మత్తూ రాదు, ఎందుకంటే ఒక స్థాయి దాటాక దాని ప్రభావం పెరగదు. ఊపిరి ఆగే ప్రమాదం తక్కువ అవడానికీ అదే కారణం. మొదటి మాత్ర మాత్రం బాధ మొదలయ్యాకే వేయాలి, హెరాయిన్ వేసుకున్న 8 నుంచి 12 గంటల తర్వాత. తొందరపడి ముందే వేస్తే ఒక్కసారిగా విత్‌డ్రాయల్ (మత్తు అందనప్పుడు వచ్చే బాధ) మీద పడుతుంది, "ఈ మందు నాకు పడదు" అని చాలామంది పారిపోయేది అక్కడే. రెండో కారణం డోసు చాలకపోవడం. సగటున రోజుకు కనీసం 8 మిల్లీగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2 మిల్లీగ్రాముల దగ్గర ఆపేసి "అయినా వేసుకుంటూనే ఉన్నాడు" అంటే తప్పు మనిషిది కాదు.

రెండోది మెథడోన్ సిరప్. బుప్రెనార్ఫిన్‌తో కుదరనివాళ్ళకు, ఎక్కువ మోతాదు అలవాటైనవాళ్ళకు ఇది బాగా పట్టు ఇస్తుంది, చికిత్సలో ఎక్కువ కాలం నిలబడతారు. కానీ దీనికి ప్రభావం ఆగే స్థాయి లేదు, మద్యం, నిద్రమాత్రలు కలిస్తే ఊపిరి ఆగొచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే మెథడోన్ పనితనం పడిపోతుంది, డోసు సరిచేయాలి. మన దేశంలో దొరికే చోట్లు తక్కువ. తెలుగువాళ్ళకు ఆచరణలో బుప్రెనార్ఫినే దారి.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారు" అని ఇంటి పెద్దలు అంటారు. అలవాటు ఉంటుంది, నిజమే. సూది ఉండదు, దొంగచాటు కొనుగోలు ఉండదు, పనికి వెళ్ళగలుగుతాడు, నరాలకు నెలల తరబడి తెరిపి దొరుకుతుంది. ఈ రెండు మందులూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. ఎన్నాళ్ళు వాడాలి? నెలలు, చాలామందికి ఏళ్ళు. పెళ్ళి ముహూర్తం కోసమో, పరీక్షల కోసమో తొందరపడి ఆపించవద్దు.

మూడోది డీటాక్స్, అంటే పది పదిహేను రోజులు చేర్చుకుని ఒళ్ళు శుభ్రం చేసి పంపడం. దీన్నొక్కదాన్నే చికిత్స అనుకోవడం ఇళ్ళల్లో జరిగే పెద్ద నష్టం. తిరిగి మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ, పైగా అప్పటికి ఒంటికి తట్టుకునే శక్తి పోయి ఉంటుంది. పాత డోసే వేసుకుంటారు, ఊపిరి ఆగుతుంది. జైలు నుంచి వచ్చిన మొదటి వారాల్లోనూ ఇదే జరుగుతుంది. నాలుగోది నాల్ట్రెక్సోన్ మాత్ర, ఓపియాయిడ్ వేసుకున్నా మత్తు ఎక్కకుండా అడ్డుకునేది. ఏ ఓపియాయిడూ లేకుండా వారం పది రోజులు గడిచాకే మొదలుపెట్టాలి. రోజూ ఎవరో ఒకరు దగ్గరుండి వేయించగల ఇల్లు, వెనక్కి వెళ్ళకూడదన్న పట్టుదల, పోగొట్టుకోకూడని ఉద్యోగం ఉన్న కొద్దిమందికి బాగుంటుంది. మానేస్తే డీటాక్స్ తర్వాత ఉన్న ప్రమాదమే.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్లు కొన్ని మంచివి, కొన్ని తాళం వేసిన గదులు. డబ్బు కట్టే ముందు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. సైకియాట్రిస్టు ఎన్ని రోజులకోసారి వస్తారో, బుప్రెనార్ఫిన్ ఇస్తారో లేదో, మొదటి వారంలోనే ఇంటివాళ్ళు చూడొచ్చో లేదో అడగండి. "మూడు నెలలు ఫోన్ కూడా ఉండదు" అంటే అక్కడి నుంచి లేచి రండి. మనిషిని గొలుసుతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషేధం. ప్రభుత్వంలో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ మానసిక వైద్యశాల ఉన్నాయి, మరికొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత వ్యసన చికిత్స కేంద్రాలున్నాయి. దగ్గర్లోది ఎక్కడో వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446లో చెబుతారు. ఆటోల వెనక కనిపించే "తెలియకుండా అన్నంలో కలిపే పొడి" జోలికి వెళ్ళొద్దు, అందులో ఏముందో అమ్మేవాడు చెప్పడు.

ఊపిరి ఆగుతున్నట్టుంటే

పెదాలు నీలం, గురక లాంటి శబ్దం, పిలిస్తే పలకకపోవడం, కంటిపాప సూది మొనంత అవడం. 108కి ఫోన్ చేసి "మనిషి ఊపిరి తీసుకోవడం లేదు" అని చెప్పండి, మిగతాది వాళ్ళొచ్చాక. నోటితో ఊపిరి ఊదడం వస్తే ఊదండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. నాలోక్సోన్ ఇస్తే ఓపియాయిడ్ ప్రభావం నిమిషాల్లో దిగుతుంది. ఇక్కడ అది ఎక్కువగా ఇంజెక్షన్‌గా ఆరోగ్య సిబ్బంది దగ్గరే ఉంటుంది. మీ పిల్లలు అమెరికాలో ఉంటే అక్కడ 2023 నుంచి ముక్కులో కొట్టే స్ప్రే చీటీ లేకుండానే దొరుకుతోంది. నాలోక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గి మళ్ళీ ఊపిరి మందగించొచ్చు, కాబట్టి లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఉప్పు నీళ్ళు ఎక్కించడం, పాలు పోయడం, చన్నీళ్ళ కింద కూర్చోబెట్టడం వల్ల పోయేది సమయమే. ఒంటరిగా, గది గడియ పెట్టుకుని వేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

పరీక్షలు, చట్టం

హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి మూడూ చేయించుకోవాలి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ సి మందులు ఉచితం. చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది, నూటికి 95 మందికి పైగా. నయమైనా మళ్ళీ అంటుకోవచ్చు, అందుకే సిరంజి జాగ్రత్త ఆపకూడదు. హెపటైటిస్ బికి టీకా ఉంది. నిన్నో మొన్నో వేరేవాళ్ళ సూది వాడారా? 72 గంటల లోపు ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులిచ్చే) సెంటరుకో, పెద్దాస్పత్రి క్యాజువాలిటీకో వెళితే హెచ్ఐవీ రాకుండా మందులు ఇస్తారు. ఎంత ముందు వెళితే అంత మేలు.

పోలీసు భయం ఊరికే వచ్చింది కాదు. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 ప్రకారం మత్తుమందు వాడటం నేరమే. అయితే అదే చట్టంలో సెక్షన్ 64ఎ, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసుల్లో, స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చి పూర్తిచేసేవాళ్ళను ప్రాసిక్యూషన్ నుంచి తప్పిస్తుంది. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం సెక్షన్ 22, శుభ్రమైన సూదులు ఇవ్వడం, ప్రత్యామ్నాయ మందు ఇవ్వడం నేరం కాదని స్పష్టం చేసింది. చికిత్స కోసం ఫోన్ చేసేటప్పుడు 14446, 1097 వాడండి. గోడల మీద కనిపించే డ్రగ్స్ ఫిర్యాదు నంబర్లు పోలీసులవి, అవి వేరు.

ఆస్పత్రిలో రక్తం తీయడానికో, సెలైన్ పెట్టడానికో నర్సు వచ్చినప్పుడు ఏ చేతిలో నరం ఇంకా పనిచేస్తుందో ముందే చెప్పండి. ఎక్కడెక్కడ పోయాయో కూడా చెప్పండి. పదిసార్లు గుచ్చించుకుని మిగిలిన ఒక్క నరాన్నీ పోగొట్టుకోనక్కర్లేదు. దొరకకపోతే అల్ట్రాసౌండ్‌తో చూసి పెట్టమని అడగొచ్చు, పెద్దాస్పత్రుల్లో ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టర్లకు అది రోజూ చేసే పనే.